బడిలో బొమ్మ, ఫొటో: ఒకే పాఠంగా నేర్పడం ఎలా?

ఎనిమిదో తరగతి పిల్లలకు డ్రాయింగ్ షీట్ ఇచ్చి ‘మీ ఊరు గీయండి’ అంటే చాలా షీట్ల మీద ఒకే బొమ్మ వస్తుంది. రెండు త్రికోణాల కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, కిందికి పారే నది, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. వరంగల్, జనగామ, ములుగు, కరీంనగర్ వైపు చెరువు కట్టల మీద కనిపించేవి తాటిచెట్లు, ఈతచెట్లు. ఇక్కడి గుట్టలు త్రికోణాలుగా ఉండవు, బండ మీద బండ ఒరిగి గుండ్రంగా ఉంటాయి. గీసిన పిల్లలు వాటిని రోజూ దాటుకుంటూనే బడికి వస్తారు. అయినా షీటు ముందు కూర్చోగానే చేతికి అలవాటైన పాత బొమ్మే దిగుతుంది.

అదే పిల్లల చేతికి ఫోన్ ఇస్తే తాటిచెట్టు తాటిచెట్టుగానే పడుతుంది. అయితే ఎంత వెలుగు రానివ్వాలి, ఏది స్పష్టంగా ఉండాలి, రంగు ఎంత చిక్కగా ఉండాలి అన్నవన్నీ ఫోనే తేల్చేసింది. పిల్లవాడు నిర్ణయించింది మీట నొక్కే క్షణం ఒక్కటే. ఒకచోట కన్ను పని చేయలేదు, మరోచోట కన్ను చేయాల్సిన పని యంత్రం చేసింది. ఉన్నత పాఠశాలలో చిత్రకళను, ఫొటోగ్రఫీని వేర్వేరు అంశాలుగా కాకుండా కలిపి నేర్పాలనడానికి అసలు కారణం ఇదే. చూపును పెన్సిల్‌తో సాధన చేయించాలి, కెమెరాతో సరిచూసుకోనివ్వాలి. ఫోన్ తనంతట తాను తీసుకునే నిర్ణయాలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుని పిల్లల చేతిలో పెట్టాలి.

పీరియడ్ సంగతి

జాతీయ విద్యా ప్రణాళిక చట్రం 2005లోనే కళావిద్య పదో తరగతి వరకు ఉండాలని చెప్పింది, 2023 చట్రమూ దాన్ని ఒక పాఠ్యాంశంగానే చూసింది. బడి టైంటేబుల్లో మాత్రం వారానికి ఒక పీరియడ్ దక్కితే గొప్ప. పదో తరగతిలో సంక్రాంతి దాటాక ఆ ఒక్కటీ స్పెషల్ క్లాసులకు పోతుంది. అందుకే ఈ పని ఏడు, ఎనిమిది తరగతుల్లోనే మొదలుపెట్టి తొమ్మిదిలో ముగించేలా అనుకోవడం మేలు.

నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో సామాన్లు పంచడానికి, చివర కడిగి సర్దడానికి పదిహేను నిమిషాలు పోతాయి. పెన్సిల్ పనికి మిగిలిన అరగంట చాలు. రంగుల పనికి, ఫొటో పనికి చాలదు. ప్రధానోపాధ్యాయులను ఒప్పించి రెండు వారాలకోసారి రెండు పీరియడ్లు జంటగా తీసుకుంటే మొత్తం సమయం పెరగకుండానే ఒక్క విడతలో పనికి గంటంబావు దొరుకుతుంది. మార్చి మధ్య నుంచి వచ్చే ఒంటిపూట బడులను చాలామంది బోధన ముగిసిన రోజులుగా చూస్తారు. ఫొటోగ్రఫీకి మాత్రం ఏడాదిలో అవే మంచి రోజులు. ఉదయం ఎనిమిదికి పిల్లలు ఆవరణలో ఉంటారు, ఎండ ఏటవాలుగా పడుతుంది, నీడలు పొడుగ్గా ఉంటాయి.

అట్టముక్కలో కిటికీ

మొదటి సాధనం అట్టముక్క. నల్ల చార్టు మధ్యలో 8 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తుతో కిటికీ కోయాలి. ఫోన్ కెమెరా ఫ్రేమ్ సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటుంది కాబట్టి రెండూ సరిపోతాయి. పిల్లలు ఒక కన్ను మూసి, కిటికీలోంచి ఒకే చోటును చూస్తూ, షీటు మీద అదే నిష్పత్తిలో గీసుకున్న చట్రంలో గీతలు మాత్రమే వేయాలి. షేడింగ్ వద్దు. ముందుగా చట్రం నాలుగు అంచులనూ ఏ వస్తువు ఎక్కడ కోస్తోందో గుర్తు పెట్టుకోవాలి, తర్వాతే లోపలి ఆకారాలు. అంచుల నుంచి మొదలుపెట్టిన పిల్లలకు పాత ‘సీనరీ’ గుర్తు రాదు, ఎందుకంటే దానికి అంచులే లేవు.

ఆ తర్వాత అదే చోట నిలబడి ఫోన్‌తో ఫొటో తీయిస్తే ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది: ‘సార్, గుట్ట ఇంత చిన్నగా పడిందేంటి?’ చాలా ఫోన్ల ప్రధాన లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది. దానితో సమానంగా చూడాలంటే ఆ అట్ట కిటికీని కంటికి సుమారు 6 సెంటీమీటర్ల దగ్గర పట్టుకోవాలి. పిల్లలు చేయి చాచి పట్టుకుంటారు కాబట్టి వాళ్లు చూసింది చిన్న భాగం, ఫోన్ చూసింది చుట్టుపక్కలంతా. ఫోన్‌ను 2ఎక్స్‌కు మార్చి, అట్టను 12 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే రెండూ దాదాపు కలుస్తాయి. ఇంకా పెద్దదిగా కావాలంటే నడిచి దగ్గరికి వెళ్లాలి. వేళ్లతో సాగదీసే డిజిటల్ జూమ్ అసలు చిత్రాన్ని కోసి పెద్దది చేయడమే, వివరం పోతుంది. ఈ ఒక్క పాఠంతో దృష్టికోణం, దూరం, ఫ్రేమ్ మూడూ అర్థమవుతాయి. అందుకే దీనికి రెండు జంట పీరియడ్లు ఇచ్చినా ఎక్కువ కాదు.

వెలుగు మెట్లు

రెండో అంశం టోన్, అంటే తెలుపు నుంచి నలుపు దాకా ఉండే మెట్లు. హెచ్‌బీ ఒక్కటే ఇచ్చి షేడింగ్ చేయమంటే పిల్లలు నొక్కి నొక్కి కాగితాన్ని మెరిసేలా చేస్తారు కానీ నలుపు రాదు. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు నాలుగూ కావాలి, ‘బీ’ ముందు అంకె పెరిగేకొద్దీ గీత నల్లబడుతుంది. నలుగురికి ఒక సెట్ ఉన్నా పని నడుస్తుంది. అయిదు గళ్లు గీసి మొదటిది కాగితం తెలుపుగా వదిలి, చివరిది 6బీతో వీలైనంత నల్లగా నింపి, ఆ తర్వాతే మధ్యలోని మూడు మెట్లు నింపాలి. ఎడమ నుంచి వరసగా నింపుకుంటూ పోతే నాలుగో గడికే నలుపు అయిపోతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నునుపైన చార్టు కాగితం గ్రాఫైట్‌ను పట్టుకోదు, కొంచెం గరుకున్న కార్ట్రిడ్జ్ షీటే వాడాలి.

ఈ అయిదు మెట్లు చేతిలో ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలో, చెప్పడం తేలిక. ఫోన్ తాను చూసినదాన్నంతా సగటున మధ్యరకం బూడిద రంగుకు, అంటే మూడో మెట్టుకు తేవాలని చూస్తుంది. అందువల్ల సున్నం వేసిన బడి గోడ ఫొటోలో మాసినట్టు పడుతుంది. వేయి స్తంభాల గుడిలో నునుపు తేలిన నల్లరాతి స్తంభం ఫ్రేమంతా నిండితే పాలిపోయినట్టు పడుతుంది. తెర మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును గోడకు పైకి, రాతికి కిందికి జరపాలి. తెల్లగోడకు ఒక స్టాప్ పెంచడం (వెలుగు రెట్టింపు), నల్లరాతికి ఒక స్టాప్ తగ్గించడం (వెలుగు సగం) మొదటి ప్రయత్నానికి సరిపోతుంది. వేలిని అక్కడే రెండు క్షణాలు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో వెలుగు, ఫోకస్ రెండూ లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే ఫోన్ కాస్త కదలగానే లెక్క మళ్లీ మారిపోతుంది.

వెలుగు పాఠానికి వరంగల్ కోటను మించిన తరగతి గది దొరకడం కష్టం. అక్కడి నాలుగు కీర్తి తోరణాలు (చెక్కిన రాతి ద్వారాలు) నాలుగు దిక్కులకూ ఒక్కొక్కటిగా నిలబడి ఉన్నాయి. తూర్పు, పడమర తోరణాల ముఖాల మీద ఉదయం ఎండ ఎదురుగా గానీ వెనక నుంచి గానీ పడుతుంది. ఎదురెండలో చెక్కడాల లోతు తెలియదు. ఉత్తర, దక్షిణ తోరణాల ముఖాలకు అదే ఎండ పక్క నుంచి రాసుకుంటూ పోతుంది, అప్పుడు హంసల వరుసలు, పూలచెక్కుడు ఒక్కొక్కటీ లేచి కనిపిస్తాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం చూసే ముఖం ఎండలో, ఉత్తరం చూసే ముఖం నీడలో ఉంటుంది. ఒకే తోరణం రెండు ముఖాలను పది నిమిషాల తేడాలో తీయిస్తే, వెలుగు దిక్కు అంటే ఏమిటో బోర్డు మీద చెప్పాల్సిన పనే లేదు. మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లే విహారయాత్ర వల్ల ఈ పాఠం రాదు, తొమ్మిదిలోపు అక్కడ ఉండాలి. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాల దగ్గర ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి కావాలి. చేతితో పట్టుకుని తీసే ఫోన్‌కు ఆ ఇబ్బంది రాదు. 

వెళ్లే వీలు లేని బడికి కిటికీ ఉంది. కూర్చున్న పిల్లవాడి ముఖానికి ఒక పక్కగా కిటికీ వెలుగు వచ్చేలా చూసి, రెండో పక్కన రెండడుగుల దూరంలో తెల్ల చార్టు పట్టుకుంటే నీడ వైపు చెంప మెల్లగా తేలుతుంది. చార్టు తీసేసి ఒకటి, పెట్టి ఒకటి తీయించాలి. తర్వాత ఆ రెండు ఫొటోలనూ అయిదు మెట్లలో పెన్సిల్‌తో గీయించాలి.

‘స్కిన్ కలర్’ అనే సమస్య

రంగుల పెట్టెలో చాలా ఏళ్లుగా గులాబీ మీగడ రంగు ముక్కకు పిల్లలు పెట్టుకున్న పేరు స్కిన్ కలర్. నల్లగా, చామనఛాయగా ఉన్న పిల్లలు తమ అమ్మానాన్నలను కూడా ఆ రంగుతోనే నింపుతారు. ఫోన్‌లోని బ్యూటీ ఫిల్టర్ అదే పని ఇంకా గుట్టుగా చేస్తుంది: చర్మాన్ని నునుపు చేసి, ఛాయను తెల్లబరుస్తుంది. కొన్ని ఫోన్లలో సెల్ఫీ కెమెరాకు అది ముందే ఆన్ అయి ఉంటుంది. ముఖచిత్రం పాఠంలో మొదట చేయాల్సింది దాన్ని ఆఫ్ చేయించడం. ఇది సాంకేతిక జాగ్రత్త మాత్రమే అనుకోకూడదు, పిల్లలు తమను తాము ఎలా చూసుకుంటారన్నది ఇందులో ఉంది.

పోస్టర్ రంగులతో చామనఛాయ కలపడానికి ఎల్లో ఓకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు, ముదురు కావాల్సిన చోట చిటికెడు అల్ట్రామెరైన్ నీలం కలపాలి. నలుపు కలపకూడదు, చర్మం బూడిద పూసినట్టు అవుతుంది. పిల్లలు తమ అరచేతి వెనుక పక్కనే రంగు పెట్టి పోల్చుకుంటూ కలపాలి. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం చిత్రాల ప్రతులు ఇక్కడ చూపించాలి. ముదురు గోధుమ ఒళ్లు, పెద్ద బొట్టు, ఎర్రటి పసుపుపచ్చటి చీరలు: ఒంటి రంగు ముదురుగా ఉండడం వల్లే పక్కనున్న పసుపు అంతగా వెలుగుతోందని పిల్లలే పట్టుకుంటారు.

పక్కపక్క రంగుల సంగతికి బతుకమ్మ చాలు. దసరా సెలవులకు ముందు బడిలో పేర్చేటప్పుడు డ్రాయింగ్ పీరియడ్‌ను దానికి కలపాలి. తంగేడు పసుపు ఒక వరుస, గునుగు తెలుపు ఒక వరుస, రంగు అద్దిన గునుగు ఒక వరుస. ముందుగా రంగు పెన్సిళ్లతో వలయాలుగా నమూనా గీసి, దాని ప్రకారమే పేర్చి, పైనుంచి ఫొటో తీయాలి. ఫోన్ నేలకు సమాంతరంగా లేకపోతే వలయాలు కోడిగుడ్డు ఆకారంలో సాగుతాయి. వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ బతుకమ్మను, తెలంగాణ పల్లె బతుకును ఏళ్ల తరబడి తీశారు. ఆయన ఫొటోల్లో పూలతో పాటు ఆ పూలు పట్టుకున్న మనుషులు ఎంత చోటు తీసుకున్నారో పిల్లలతో కొలిపించవచ్చు.

ఎండతో అచ్చు

డార్క్‌రూమ్ లేని బడిలో ఫొటో రసాయనాన్ని చేతితో అనుభవించే దారి సయనోటైప్, అంటే రసాయనం పూసిన కాగితం మీద ఎండతో వేసే నీలి అచ్చు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడాది నుంచే ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కలను దీనితో అచ్చువేసింది. ఉత్తర తెలంగాణకు ఎండ కరువు లేదు. సామాన్లు సైన్స్ ల్యాబ్‌లోకి తెప్పించేవే.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక సీసా. పొటాషియం ఫెర్రీసైనైడ్ 10 గ్రాములు 100 మిల్లీలీటర్లలో రెండో సీసా. నీళ్లు డిస్టిల్డ్ అయితే మంచిది. రెండూ ముదురు రంగు సీసాల్లో విడివిడిగా ఉంచి, వాడే రోజు సమపాళ్లలో కలపాలి. ఏ5 షీటుకు ఒకటిన్నర, రెండు మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి ఈ మొత్తంతో వంద షీట్ల దాకా వస్తాయి. ఫెర్రీసైనైడ్ దగ్గరికి గాఢ ఆమ్లం గానీ మంట గానీ రాకూడదు, విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. తూచడం, కలపడం ఉపాధ్యాయుడి పని. పిల్లలు గ్లౌజులతో పూయడం, కడగడం మాత్రమే చేయాలి.

కిటికీలు మూసి, జీరో బల్బు వెలుగులో స్పాంజి బ్రష్‌తో పలుచగా ఒక పూత వేయాలి. గుంటలు కట్టేలా పూస్తే కడిగేటప్పుడు రంగు జారిపోతుంది. బీరువాలో పూర్తిగా ఆరాలి. తడి ఉన్న షీటు మీద అచ్చు మసకబారుతుంది. షీటు మీద ఆకు, ఆకు మీద అంచులకు టేపు వేసిన గాజు పలక, కింద అట్ట, చుట్టూ క్లిప్పులు. తంగేడు ఆకు ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఈనెకు రెండు వైపులా చిన్న ఆకులు విడివిడిగా ఉంటాయి. బంతిపువ్వు పెడితే తెల్లటి ముద్ద తప్ప ఏమీ రాదు. పచ్చి ఆకు చెమ్మ వదిలి మరకలు చేస్తుంది, పాత పేపర్ల మధ్య రెండు మూడు రోజులు నొక్కిపెట్టి వాడాలి.

మార్చి ఎండలో ఉదయం పదకొండు ప్రాంతంలో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు చాలు. డిసెంబరులో పన్నెండు, పదిహేను పట్టవచ్చు. గడియారం కన్నా షీటు రంగే నమ్మదగింది: పసుపుపచ్చ నుంచి నీలి బూడిదకు, ఆ తర్వాత కంచు ఛాయ కలిసిన బూడిదకు మారినప్పుడు తీయాలి. ముందే తీస్తే కడగ్గానే నీలం మొత్తం నీళ్లలో పోతుంది. ఆలస్యమైతే ఆకు చోటు కూడా నీలమవుతుంది. ఎండలో పెట్టకముందే షీటు పచ్చనీలంగా ఉంటే పూత సమయంలోనే వెలుగు తగిలిందని అర్థం, దాన్ని పక్కన పెట్టేయాలి.

ఇక్కడి బడుల్లో సయనోటైప్ పాడయ్యేది ఎక్కువగా నీళ్ల దగ్గర. బోరు నీళ్లు క్షారగుణంతో ఉంటాయి, అచ్చులో ఏర్పడే రంగైన ప్రష్యన్ నీలానికి క్షారం పడదు. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లతో పసుపు ఛాయ పూర్తిగా పోయేదాకా అయిదు నిమిషాలకు పైగా కడగాలి, ఆ తర్వాత లీటరుకు చెంచాడు నిమ్మరసం కలిపిన రెండో ట్రేలో నిమిషం ముంచాలి. సబ్బు, సోడా తగలనివ్వకూడదు. ఆరాక ఒక రోజులో నీలం ఇంకా చిక్కబడుతుంది, కాబట్టి పాలిపోయిందని వెంటనే పారేయకూడదు.

ఆకుల దశ దాటాక పిల్లల సొంత ఫొటోలను అచ్చువేయవచ్చు. ఫోన్‌లో ఫొటోను నలుపుతెలుపు చేసి, రంగులు తిరగేసి నెగెటివ్‌గా మార్చి, జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద ప్రింటు తీయించాలి. టోనర్ నలుపు ఎండను పూర్తిగా ఆపదు. ఒకే ప్రింటు రెండు తీయించి, సరిగ్గా ఒకదాని మీద ఒకటి పెడితే తెలుపు నిలుస్తుంది. తోరణం ఫొటోలో వెలుగు ఎటునుంచి వచ్చిందో ఆ పిల్లవాడికి ఇప్పుడు మూడోసారి, మూడో పద్ధతిలో అర్థమవుతుంది.

పటం నుంచి ఫొటో కథకు

చేర్యాలలో గుడ్డ మీద గీసే నకాషీ పటం అడ్డపట్టీలుగా సాగే కథ. ఎర్రటి నేల మీద ఒక్కో పట్టీలో ఒక్కో ఘట్టం, నల్లటి బయటి గీత, కథకుడు చుట్టను విప్పుతూ చెప్పే క్రమం. ఫొటో కథ నేర్పడానికి దీనికన్నా దగ్గరి నమూనా ఇక్కడి పిల్లలకు లేదు. ఖాదీ గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు కలిపి మూడు పూతలు వేయడం అసలు పద్ధతి. బడిలో జానెడు గుడ్డ మీద ఒకసారి చేసి చూపితే చాలు. పూత మందమైతే చుట్టినప్పుడు పగులుతుంది, జిగురు తగ్గితే పొడిగా రాలుతుంది. జిగురు ఉడికించిన రోజే వాడాలి, నిలవ ఉంచితే బూజు పడుతుంది. తరగతికి కాగితమే మేలు.

ముందుగా ఆరు పట్టీల కథ గీయాలి: మార్కెట్‌కు పత్తి పోవడం, మధ్యాహ్న భోజనం తయారుకావడం, మగ్గం మీద జంపఖానా నేత లాంటి చూసిన పని ఏదైనా. తర్వాత అవే ఆరు ఘట్టాలను ఫొటోలు తీయాలి. ఒక్కో బృందానికి పన్నెండు ఫొటోలే అనుమతి. ఆ పరిమితి లేకపోతే ఎనభై తీసి ఒక్కటీ చూడరు. దూరం నుంచి చోటు కనిపించేది ఒకటి, పని చేసే చేతుల దగ్గరి దృశ్యం ఒకటి, పని చేసే మనిషి ముఖం ఒకటి తప్పనిసరి. చేతులు వేగంగా కదిలే చోట నీడలో ఫోన్ షట్టర్ నెమ్మదిస్తుంది, ఫొటో సాగిపోతుంది. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగాన్ని సెకనులో 1/250 వంతుకు పెట్టాలి, లేకపోతే పనిని వాకిట్లోకి, వెలుతురులోకి మార్చమని అడగాలి.

ఫోన్లు, అనుమతులు

నలభైమంది తరగతికి ఏడెనిమిది ఫోన్లు చాలు. తీసేవారు, అట్ట కిటికీ పట్టేవారు, చార్టు పట్టేవారు, రాసుకునేవారు పది నిమిషాలకోసారి మారాలి. మార్పిడి లేకుండా వదిలేస్తే ఫోన్ తెచ్చిన పిల్లవాడి చేతిలోనే ఉండిపోతుంది, అమ్మాయిలకు అందదు. దీన్ని ఉపాధ్యాయుడు పట్టుబట్టి చూడాలి. పాఠం మొదట్లో లెన్సును మెత్తటి నూలు గుడ్డతో తుడిపిస్తే సగం ‘మసక’ ఫిర్యాదులు అక్కడే తీరతాయి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుంచించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. 4×6 అంగుళాల ప్రింటుకు 1800×1200 పిక్సెళ్లు సరిపోతాయి.

మనిషిని తీసేముందు అడగడం, తీసింది చూపించడం, వద్దంటే వారి ఎదుటే చెరిపేయడం: ఇవి మర్యాదలు మాత్రమే కావు, పాఠంలో భాగం. పిల్లల ముఖాలున్న ఫొటోలు బడి సోషల్ మీడియా పేజీల్లో పెట్టాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతినే కోరుతుంది. లొకేషన్ గుర్తును కెమెరా సెట్టింగులలో ఆపేయాలి.

మార్కులు దేనికి?

చేయి తిరిగిన ఇద్దరు ముగ్గురికే ఎప్పుడూ ‘ఏ’ గ్రేడు వస్తే మిగతావాళ్లు నెల తిరక్కముందే ‘మాకు రాదు’ అని తేల్చుకుంటారు. ఇరవై మార్కులుంటే పూర్తయిన బొమ్మకు అయిదుకు మించి ఇవ్వకూడదు. స్కెచ్‌బుక్‌లో వారం వారం చేసిన పరిశీలనకు అయిదు, టోన్ మెట్లు, రంగుల కలయిక లాంటి సాధనకు అయిదు. మిగిలిన అయిదు ఎంపికకు: పన్నెండు ఫొటోల్లో ఒకటి ఎందుకు ఎంచుకున్నారో, దగ్గరగా వచ్చి ఆగిపోయిన మరొకదాన్ని ఎందుకు వదిలారో నాలుగు వాక్యాలు రాయాలి. తరగతిలో చర్చించేటప్పుడు ‘బాగుంది, బాగాలేదు’ అనే మాటలు మొదటి అయిదు నిమిషాలు ఆపాలి. అన్నిటికన్నా వెలుగున్న చోటు ఏది, కన్ను మొదట ఎక్కడికి పోయింది, అంచుల్లో ఏం కోసుకుపోయింది అన్న మూడు ప్రశ్నలకే జవాబు చెప్పాలి. వెనక బెంచీ పిల్లలు మాట్లాడేది అప్పుడే.

ఆసక్తి గట్టిపడిన పిల్లలకు ముందున్న దారులు తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి. ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఒకటి. 2015 నుంచి జరుగుతున్న కళా ఉత్సవ్‌లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి దృశ్యకళల పోటీలున్నాయి. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో పెయింటింగ్, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్‌తో పాటు ఫొటోగ్రఫీలోనూ లలితకళల డిగ్రీ అయిన బీఎఫ్‌ఏ ఉంది. దానికి ప్రవేశపరీక్ష రాయాలి. జ్ఞాపకం నుంచి, ఎదుటి వస్తువును చూసి గీయగలగడం అక్కడ అవసరమవుతుంది కాబట్టి ఎనిమిదో తరగతి స్కెచ్‌బుక్‌ను పారేయకుండా తేదీలు వేసి దాచుకోమని చెప్పాలి.